మా మద్రసా తోటలో రేగుచెట్టు

విజయవాడ నుండి గుంటూరు వెళ్ళే ప్రయాణికునికి మంగళగిరి అనగానే ముందుగా కనిపించేది కొండ. ఏనుగు పడుకొన్నట్లుండే ఆ కొండ పాదాన ఊరు, ఊరి నడుమ పదకొండు అంతస్తుల గాలిగోపురం, పాతవీధుల్లో మగ్గాల చప్పుడు. కొండ దిగువన నేల ఎర్రగా, గరుకుగా ఉంటుంది. ఊరు దాటి చేలలోకి పోయేకొద్దీ ఎరుపు తగ్గి నల్లరేగడి మొదలవుతుంది. అక్కడి నుండి గుంటూరు, ప్రకాశం మెట్టల దాకా ప్రత్తి, మిరప పంటలదే రాజ్యం.

ఈ ఊరిలో ముప్పై ఏళ్ళుగా పిల్లలకు ఖుర్ఆన్ పఠనం, హదీసు, అరబ్బీ వ్యాకరణం బోధిస్తున్నవాణ్ణి. తోటల గురించి వ్రాసే అర్హత నాకు లేదు. అయినా ఒక చెట్టు విషయంలో నేను చేసిన పొరపాటును, దానిని దిద్దిన ఒక శిష్యుని పనితనాన్ని పాఠకుల ముందుంచాలని చాలాకాలంగా అనుకొంటున్నాను.

మా మద్రసా ఆవరణలో నైరుతి మూల ఒక పాత రేగుచెట్టు ఉండేది. ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. సంక్రాంతి ముందర చెట్టంతా పండ్లతో నిండేది. భోగినాడు పసిపిల్లల తలపై పోసేందుకు ఇరుగుపొరుగు హిందూ గృహిణులు వచ్చి చేటలతో పండ్లు తీసుకుపోయేవారు. అయితే దాని ముళ్ళు పిల్లల పాదాలలో దిగేవి. పండ్ల కోసం వేసిన రాళ్ళు కిటికీ అద్దాలను పగులగొట్టేవి. 2016లో ఆవరణకు కొత్త ప్రహరీ కట్టినపుడు ఆ చెట్టును కొట్టివేయించాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, ఆ నిర్ణయం నాదే. దాని చోట పచ్చగడ్డి పరిపించి, గోడ వెంట త్వరగా ఎదుగుతాయని కోనోకార్పస్ మొక్కలు వరుసగా నాటించాను. ఏడాది తిరిగేసరికి గోడను మించి ఎదిగాయి. చూసినవారంతా మెచ్చుకొన్నారు, నేనూ మురిసిపోయాను.

2018లో రమజాన్ మాసం రోహిణి కార్తెలో పడింది. ఆ ఎండలలో ఒక తెల్లవారుజామున, సహరీ వేళ దాటగానే మా అమ్మీ కన్నుమూసింది. స్త్రీలు లోపల గుస్ల్‌కు ఏర్పాట్లు చేస్తున్నారు. కర్పూరం ఉన్నది, కఫన్ వస్త్రం వచ్చింది. మా ఖాలా తలుపు చాటునుండి, "బేటా, రేగాకు తెప్పించు" అని కబురంపింది. నా కాళ్ళు అలవాటుగా మద్రసా వైపు నడిచాయి. గేటు దగ్గరికి వచ్చాక గాని అక్కడ చెట్టు లేదన్న సంగతి గుర్తుకు రాలేదు.

మరొక చెట్టు చెరువు కట్టమీద ఉండేది. అక్కడ ఇప్పుడు ఇళ్ళస్థలాల హద్దురాళ్ళున్నాయి. మూడవది పొలం గట్టున దొరికింది. కాని మండువేసవిలో రేగు ఆకు రాల్చి నిద్రపోతుంది. ఆ చెట్టుకు ముళ్ళు, కొమ్మలు తప్ప మరేమీ లేవు. చివరకు గుంటూరులో ఒక అత్తరు దుకాణం నుండి ఎవరో ఎండురేగాకు పొడి తెచ్చి ఇచ్చేవరకు అమ్మీ దేహం వేచి ఉన్నది.

రేగాకు దొరకనిచోట మంచినీరు చాలునని నేనే ఏటేటా పిల్లలకు పాఠం చెబుతాను. ధర్మశాస్త్రం దృష్ట్యా ఏ లోటూ లేదు. కాని దైవప్రవక్త (స) తమ కుమార్తె మరణించినపుడు నీటితోనూ సిద్ర్ ఆకుతోనూ బేసిసార్లు స్నానం చేయించమని, చివరిసారి కర్పూరం కలపమని ఉపదేశించిన సంగతిని ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖనం ద్వారా బోధించేవాడినే గదా. ఆ హదీసు చెప్పే గది కిటికీ నుండి కనిపించే చెట్టునే నరికించిన సంగతి ఆనాడు నన్ను కుదిపివేసింది. సిద్ర్ చెట్టును నరికేవారిని గట్టిగా హెచ్చరించే మరొక హదీసు ఉన్నది. బాటసారులకు, పశువులకు నీడనిచ్చే చెట్టును అకారణంగా నరికేవారి గురించి అది చెప్పబడినదని ఇమామ్ అబూదావూద్ (రహ్మలై) వివరించారు. పిల్లల పాదాలలో ముళ్ళు గుచ్చుకోవడం కారణమే. కాని కొమ్మలు కత్తిరించి, అడుగున ఊడ్పించి ఉంటే సరిపోయే కారణమది.

ఆ తొలకరిలోనే నా పూర్వ శిష్యుడొకరు పరామర్శకు వచ్చాడు. మా దగ్గర హిఫ్జ్ సగంలో ఆపి, కడియం వైపు నర్సరీలలో పనికి వెళ్ళి, పదేళ్ళు అక్కడే ఉండి వచ్చినవాడు. మన ఊరి గుండా పోయే 16వ నంబరు జాతీయ రహదారే గోదావరి దాటిన తర్వాత కడియపులంక నర్సరీల నడుమ నుండి పోతుంది. గోదావరి ఒండ్రుమట్టిలో వందల నర్సరీలు అక్కడ మొక్కలను పెంచి దేశమంతటికీ పంపుతాయి. ఇప్పుడతడు మంగళగిరి, తాడేపల్లి, విజయవాడలలో ఇళ్ళకు, పాఠశాలలకు తోటలు రూపకల్పన చేసి ఇచ్చే పనిలో ఉన్నాడు.

"హజ్రత్, ఇక్కడ ఒక తోట వేద్దాం. కూలి వద్దు, నా వంతుగా ఉంచండి" అన్నాడు.

నేను వెంటనే ఒక జాబితా వ్రాసి ఇచ్చాను: ఖర్జూరం, అంజీర, ఆలివు, దానిమ్మ, సిద్ర్. ఖుర్ఆన్‌లో ప్రస్తావించబడిన వృక్షాలన్నీ మద్రసాలో ఉండాలని నా కోరిక. అతడు కాదనలేదు. ఆలివు మొక్కలు రెండు తెప్పించాడు. మొదటి ఏడు బ్రతికాయి. రెండవ ఏడు ఎదగలేదు. మూడవ వానకాలంలో వేరు కుళ్ళి ఒకటి పోయింది. రెండవది నేటికీ ఉన్నది గాని ఒక్క పువ్వు పూయలేదు. ఆలివు పూయాలంటే చలికాలంలో కొన్ని వారాల గట్టి చలి కావాలి. మన కోస్తాలో ఆ చలి ఎక్కడిది?

ఆ మాట అతడు మొదటే చెప్పవచ్చు. చెప్పలేదేమని అడిగాను. "మీరు గురువులు, మొక్క చెప్తే వింటారు గాని నేను చెప్తే వినరనిపించింది" అన్నాడు నవ్వుతూ.

2019 చలికాలంలో ఒక విద్యాసదస్సు నిమిత్తం ఢిల్లీ వెళ్ళవలసి వచ్చి అతణ్ణి వెంటబెట్టుకు వెళ్ళాను. హుమాయూన్ సమాధి ప్రక్కనే సుందర్ నర్సరీ అనే ఉద్యానం ఉన్నది. ఒకప్పుడు బ్రిటిషు ప్రభుత్వం కొత్త రాజధాని వీధులలో నాటవలసిన చెట్లను పెంచి పరీక్షించిన స్థలమది. విస్తీర్ణం సుమారు 90 ఎకరాలు. ఆగాఖాన్ ట్రస్టు ఏళ్ళ తరబడి శ్రమించి దానిని తీర్చిదిద్దగా, 2018 ఫిబ్రవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి, మన తెలుగువారైన ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించారు. ఆ ఉద్యానానికి రూపకల్పన చేసినవారు మహమ్మద్ షహీర్ అనే ప్రకృతి రూపశిల్పి. హుమాయూన్ సమాధి చుట్టూ ఉన్న చార్‌బాగ్ పునరుద్ధరణలోనూ ఆయన పాలు ఉన్నది. సుందర్ నర్సరీ ద్వారాలు ప్రజలకు తెరుచుకోకముందే, 2015లో ఆయన పరమపదించారు. తాను గీసిన నీడలో తాను కూర్చోలేదు.

నేను నడుమనున్న నీటికాలువను, పూలబాటలను చూస్తూ ఉండగా నా శిష్యుడు ఒక మూలకు వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ ఢిల్లీ ప్రాంతపు నాలుగు రకాల నేలలకు తగిన సహజ వృక్షాలను విడివిడిగా పెంచారు. కోహీ అంటే కొండనేల, బాంగర్ అంటే మెట్ట, ఖాదర్ అంటే ఏటి ఒడ్డు, డాబర్ అంటే పల్లపు చిత్తడి. అతడు చాలాసేపు చూసి, "మనకూ నాలుగున్నాయి హజ్రత్. కొండ, ఎర్రనేల, నల్లరేగడి, కృష్ణ లంకలు. మన తోటకు వేరే దేశం ఎందుకు?" అన్నాడు.

తిరిగి వచ్చాక కాగితం మీద తోట గీశాడు. నేను చార్‌బాగ్ వలె నాలుగు భాగాలు, నడుమ కాలువ ఉంటుందని ఎదురుచూశాను. అతడు నడుమ స్థలమంతా ఖాళీగా వదిలి, అంచుల వెంట మాత్రం మొక్కలు చూపించాడు. ఇదేమిటన్నాను. "మంగళగిరి చీర అండి. ఒంటిమీద పువ్వులుండవు. పనితనమంతా అంచులోనే. నడుమ మైదానం పిల్లలది" అన్నాడు. మన మగ్గాలపై నేసే చీరల అంచులలో నిజాం అంచు పేరుపొందినది గదా. ఆ మాటతో నాకు తోట అర్థమైంది.

నీటికి అతడు మొదట చూసినది వజూ గట్టు. యాభైమంది పిల్లలు రోజుకు ఐదుసార్లు, మనిషికి మూడు లీటర్లు వేసుకొన్నా 750 లీటర్లు. సబ్బు కలవని ఆ నీరంతా మురుగుకాలువలోకి పోతూ ఉండేది. ఇప్పుడు ఇసుక, గులకరాళ్ళ తొట్టిలో వడిసి, అంచు వెంట తవ్విన సన్నని కాలువ ద్వారా మొక్కల పాదులకు చేరుతున్నది. అయితే నీరు తోటకే పోతున్నదని పిల్లలు పంపులు వదిలేయడం మొదలుపెట్టారు. పారే యేటి దగ్గర కూడా దుబారా తగదన్న బోధను ఆ కాలువ గట్టునే కూర్చోబెట్టి మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

తోటపని కార్తెల లెక్కన నడుస్తుంది, మన ఆరాధనలు చంద్రుని లెక్కన నడుస్తాయి. రమజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్ళలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. 1987 మే నెల ఎండలలో నేను విద్యార్థిగా ఉపవాసాలుండగా, 2019 మే నెలలో నా విద్యార్థులు ఉన్నారు. "ఇఫ్తార్ ఎక్కడ కూర్చుని చేస్తారు?" అని శిష్యుడు అడిగినపుడు ఒక చోటు చూపబోయాను. అతడు రెండు చోట్లు కావాలన్నాడు. వేసవి రమజాన్‌కు పడమటి ఎండను ఆపే వేప, కానుగల వెనుక ఒకటి. చలికాలపు రమజాన్‌కు సాయంకాలపు ఎండ తగిలే అరుగు ఒకటి. తోట వేసేవాడు ఒక ఏడాదిని కాదు, ఒక తరాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఆనాడు తెలిసింది.

మృగశిర కార్తెలో, తొలివానకు నేల మెత్తబడగానే నాట్లు. చేలలో ప్రత్తి గింజ పడే రోజులవి. గోడ వెంట గోరింట కంచె పెట్టాము. ఈద్‌కు ముందు వీధిలోని ఆడపిల్లలంతా వచ్చి కోసుకుపోతారు, కత్తిరింపు ఖర్చు మాకు లేదు. మిరపనారు నాటే ఆగస్టు, సెప్టెంబరులలో కలుపుతీత, పాదులకు ఎండుటాకు కప్పడం. మార్గశిర, పుష్యమాసాల చలిలో మల్లె కత్తిరింపు. బేతపూడి, నవులూరు వైపు మల్లెతోటలు వేసే రైతులు చలికాలంలో పొదలను మోకాలెత్తుకు నరికివేస్తారు. మొదటిసారి మా మల్లెలకు అతడు అలా చేస్తుంటే నేను అడ్డుపడ్డాను. మార్చిలో కొత్త చిగురు వెంట వచ్చిన మొగ్గలను చూసి ఊరుకొన్నాను.

కష్టాలు లేకపోలేదు. 2021 చలికాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరపను నల్లతామర పురుగు ముంచెత్తినపుడు మా బంతిపూలలోనూ అది కనిపించింది. పూలన్నీ కోసి కాల్చి, నీలిరంగు జిగురు అట్టలు వ్రేలాడదీశాము. చేలలో నష్టపోయిన రైతుల పిల్లలు మా దగ్గరే చదువుతున్నారు. తోటలో పురుగు మాకు పాఠం, వారి ఇంట అది అప్పు.

మల్లె దగ్గరే అతడు నాకొక సంగతి చెప్పాడు. వృక్షశాస్త్రం ప్రకారం ఆలివు, మల్లె ఒకే కుటుంబానికి చెందినవట. నేను నమ్మక పుస్తకాలు చూశాను. నిజమే. పారిజాతమూ ఆ కుటుంబమే. ఆ తర్వాత నా పాత జాబితాను తీసుకొని ఒక్కొక్కదాని ఎదుట ఇక్కడి చుట్టం పేరు వ్రాశాడు. ఖర్జూరానికి మన కాలువ గట్ల ఈతచెట్టు. అంజీరకు మేడి. ఆలివుకు మల్లె. అరబ్బు నేల సిద్ర్‌కు మన రేగు. రెండూ ఒకే ప్రజాతి. నేను ఎక్కడినుండో తెప్పించాలనుకొన్న తోట చుట్టాలంతా ఈ ఊరిలోనే, ఎవరూ పిలవక, గట్ల మీద నిలబడి ఉన్నారు. వారిలో ఒకరిని నేనే వెళ్ళగొట్టాను.

రేగును నర్సరీ సంచిలో తేవద్దన్నాడు. దాని తల్లివేరు లోతుకు దిగుతుంది, సంచిలో పెంచితే అది చుట్టలు తిరిగి బలహీనపడుతుంది. కనుక నాటురేగు గింజలను ఉప్పునీటిలో వేసి, తేలినవి పారవేసి, మునిగినవాటిని పాత చెట్టు ఉన్న నైరుతి మూలలోనే నేరుగా నాటాము. మొలిచిన నాలుగింటిలో బలమైనదానిని ఉంచాము. మరుసటి వానకాలంలో దానిపై పెద్దపండు రకం మొగ్గను అంటుకట్టాడు. అంటుకు దిగువన వచ్చిన నాటుకొమ్మ ఒకదానిని కావాలనే వదిలాడు. పై కొమ్మలు పండ్లకు, క్రింది కొమ్మ ఆకులకు. మే నెలలో చెట్టు నిద్రలో ఉండగా కొమ్మలు కత్తిరిస్తాము. ముళ్ళకొమ్మలు తలకు పైనే ఉంటాయి. అడుగున ఊడ్చే వంతు పెద్దపిల్లలది.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తుపాను తీరం దాటిన రోజు గోడ వెంట మిగిలిన కోనోకార్పస్‌లలో రెండు ఒరిగి ప్రహరీని పగులగొట్టాయి. ఆ మొక్క పుప్పొడి, వేళ్ళ బాధ వలన తెలంగాణ ప్రభుత్వం దాని నాటకాన్ని ఆపించిందని, 2023లోనే గుజరాత్ నిషేధించిందని అప్పటికే చదివి ఉన్నాను. మిగిలినవాటినీ తీయించాము. రేగు కాయలు రాలాయి గాని చెట్టు కదలలేదు.

అమ్మీ విషయంలో నేర్చుకొన్న పాఠం మరొకటి ఉన్నది. మరణం ఆకులున్న ఋతువును చూసి రాదు. అందుచేత ఏటా శీతాకాలంలో, ఆకు ముదిరి పచ్చగా ఉన్నపుడు, కోసి నీడలో ఆరబెట్టి, దంచి, జల్లించి డబ్బాలలో పోస్తున్నాము. ఆ పొడిని నీటిలో వేసి చేతితో గిలకొడితే సబ్బువలె నురుగు వస్తుంది. పిల్లలకు గుస్ల్ పాఠం ఇప్పుడు పుస్తకంతోపాటు ఆ గిన్నెతోనూ చెబుతున్నాను. డబ్బాల మీద హిజ్రీ సంవత్సరం వ్రాసి ఉంచుతాము.

గత వేసవిలో ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగిసి బయటికి రాగానే గేటు దగ్గర పదిహేనేళ్ళ కుర్రవాడు నిలబడి ఉన్నాడు. వేరే వీధివాడు, నాకు తెలియదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మౌలానా సాబ్, రేగాకు ఉంటుందని చెప్పారు. మా నానీ..." అని ఆగిపోయాడు. చెట్టు ఆకురాల్చి మోడుగా ఉన్నది. అతడు దానివైపు చూసి నిరాశగా తల దించుకొన్నాడు. లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చి చేతిలో పెట్టాను. ఎన్ని చెంచాలు, ఎంత నీటికి కలపాలో చెప్పి, ఇంట్లో ఆడవారికి అదేమాట చెప్పమన్నాను. వెల ఎంతని అడిగాడు. లేదన్నాను. పరుగెత్తాడు.

ఎవరైనా నాటిన మొక్కనుండి మనిషి, పక్షి, పశువు తిన్నది నాటినవానికి దానమవుతుందని దైవప్రవక్త (స) చెప్పారు. మా పాత రేగును నాటిన ఆ తెలియని వ్యక్తి ఖాతాలో ఎన్ని సంక్రాంతుల పండ్లు, ఎన్ని జనాజాల ఆకులు జమ అయి ఉంటాయో! ఆ ఖాతాను నేను ఒక గొడ్డలితో ఆపివేశాను. మళ్ళీ తెరిచినది నా శిష్యుడు. అల్లాహ్ అతనికి మేలు ప్రసాదించుగాక.

ఈ తొలకరికి అతడు ఖబ్రస్తాన్ గోడ వెంట గింజలు వేయదలచాడు. ఉప్పునీటి పరీక్షకు నిలిచిన గింజలు ఒక మూటలో నా బల్లమీద ఉన్నాయి. మీ ఊరి గట్టుమీద ఒక రేగుచెట్టు ఇంకా నిలబడి ఉంటే దానిని కొట్టనివ్వకండి. లేకపోతే, మృగశిర వాన పడగానే నాలుగు గింజలు నేలలో వేయండి. బలమైనదానిని ఉంచండి.